పచ్చిమాట హక్కు

సోమవారం, ఫస్ట్ షిఫ్ట్

ఒకటో మోటారు బాగానే నడుస్తోంది. రెండోది మూలుగుతోంది. మూడోదాన్ని మెకానిక్కులు విప్పి, అలాగే వదిలేసి టీకి పోయారు, ఇంకా తిరిగి రాలేదు. దిగువ సొరంగంలో నీళ్లు మోకాలి లోతు.

ఈ పుస్తకంలో ఇంతకు మించి రాయకూడదని నియమం. మోటార్ల సంగతి, నీళ్ల మట్టం, సంతకం. పంపుల గది తేమకు ఏ కంప్యూటర్ తెరా నిలవదు కాబట్టి మాకు కాగితం, పెన్సిలు ఇచ్చారు. ఈ సొరంగాల ఊరు మొత్తంలో చేత్తో రాసేది మేమే. నోటితో అన్న మాటను అవతలివాళ్ల చెవిపూస మర్యాదగా మార్చి వినిపిస్తుంది, దాన్నే నునుపు అంటాం; చేతిరాతకు ఆ నునుపు పడదు. అందుకే ఇవాళ్టి నుంచి నా కడుపులో ఉన్నదంతా ఇక్కడే రాస్తాను. చదివేవాళ్లు చదువుకోండి, చించేవాళ్లు చించుకోండి.

నా చెల్లెలు స్వరూప పోయి వారం కూడా కాలేదు. దినాలయ్యేదాకా డ్యూటీకి రావద్దన్నారు. ఇంట్లో కూర్చుంటే అమ్మ ముఖం చూడాలి. అది నా వల్ల కాక వచ్చేశాను.

పొద్దున మా షిఫ్టు పెద్ద, ఓవర్‌మన్ గట్టయ్య గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. నా చెవిపూసలో మాత్రం ఒక్క వాక్యం పడింది. "మీ దుఃఖంలో మేమందరం పాలుపంచుకుంటున్నాము." వార్తలు చదివే గొంతు. వాడు నిజంగా ఏమన్నాడో నాకు తెలియదు. క్షమించమన్నాడో, మూడో మోటారు సంగతి చూడమన్నాడో. నీ పీక పిసికి చంపుతాన్రా అని నేను పైకే అన్నాను. వాడు తలూపి, రెండు చేతులు జోడించి దండం పెట్టి వెళ్లిపోయాడు.

బుధవారం, సెకండ్ షిఫ్ట్

విచారణ కమిటీ వచ్చింది. ముగ్గురు. ముగ్గురి బూట్లకూ బురద లేదు.

పూసలో మిగిలేది విన్న మాటే, అన్న మాట మిగలదు. కాబట్టి గట్టయ్య చెవిపూస తెచ్చి స్వరూప పోయిన రోజు అతను విన్నది అందరికీ వినిపించారు. ఆ రోజు నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నీళ్ల మట్టం చూపే ముల్లు ఒక్కసారిగా పైకి లేచింది. "గట్టయ్యా, కట్ట తెగుతాంది, అందర్ని పైకి గుంజు, ఇప్పుడే, నీ కాళ్లు మొక్కుత!" అని గొంతు చించుకున్నాను. సైరన్ తాళం ఓవర్‌మన్ దగ్గరే ఉంటుంది, నా దగ్గర ఉండదు. గట్టయ్య చెవిలో పడింది ఇది:

"గట్టయ్య గారూ, కట్ట వద్ద నీరు కాస్త పెరిగినట్టున్నది. వీలు చూసుకుని గమనించగలరు."

వీలు చూసుకున్నాడు. చాయ్ తాగడం అయ్యాక లేచాడు.

మా అందరికీ నునుపు ఒకే మోతాదు. ఓవర్‌మన్లకు మాత్రం దాన్ని పెంచుకునే మీట ఇచ్చారు. రోజంతా పదిమంది మొర వినాలి కదా అని. గట్టయ్య ఆ మీటను చివరిదాకా తిప్పి పెట్టుకున్నాడు. ఎవరైనా గొంతెత్తి ఒర్రితే తలనొప్పి వస్తుందట. కమిటీ వాళ్లు అడిగితే అదే చెప్పాడు, ఏ దాపరికమూ లేకుండా. వాళ్లు రాసుకున్నారు.

ఆ తర్వాత నా పూస తీసుకుని అదీ వినిపించారు. దిగువ సొరంగం నుంచి స్వరూప నన్ను పిలిచింది కదా, అది. "అక్కా, ఇక్కడ కొంచెం అసౌకర్యంగా ఉంది."

బుద్ధెరిగినప్పటి నుంచి నా చెల్లెలి నోట అసౌకర్యం అన్న మాట రాలేదు. అది నీళ్లలో మునిగిపోతూ అరిచిన అరుపు. అవ్వా అందో, అక్కా గుంజు అందో, నన్ను తిట్టిందో. అది ఏ పూసలోనూ లేదు. నా చెల్లెలి ఆఖరి మాటను నునుపు మింగేసింది, నాకు ఈ చెత్త వాక్యం మిగిల్చింది.

కమిటీ తీర్పు చెప్పింది. తప్పు ఎవరిదీ కాదట. సమాచార లోపమట. నా సందేశంలో తొందర కనపడలేదట. నేను లేచి ఆ ముగ్గురినీ వాళ్ల తాతల దగ్గర నుంచి మొదలుపెట్టి తిట్టాను. పెద్దాయన చిరునవ్వుతో, "మీ సహకారానికి ధన్యవాదాలు" అన్నాడు.

గురువారం, ఫస్ట్ షిఫ్ట్

రెండో మోటారు బేరింగు మార్చారు. మూడోది ఇంకా విప్పే ఉంది.

దినాల నాడు, చచ్చిపోయిన మనిషి తరఫున, దగ్గరి రక్తసంబంధికి ఒక హక్కు ఉంటుంది. పచ్చిమాట అంటారు. ఊళ్లో ఎవరినైనా ఒకరిని పేరు పెట్టి పిలవవచ్చు. అలా పిలిపించుకున్నవాళ్ల పూసలో నునుపు తీసేస్తారు. వాళ్లతో ఎవరేమన్నా పచ్చిగానే పడుతుంది, వాళ్లు ఎవరితో ఏమన్నా పచ్చిగానే చేరుతుంది. అన్నీ విని, "విన్న" అనాలి. అప్పుడు పిలిచినవాళ్లు "చాలు" అంటారు. నునుపు మళ్లీ వచ్చేస్తుంది. భోజనాలు.

మామూలుగా జనం మొగుణ్నో పెళ్లాన్నో పిలిచి కాసేపు ఏడ్చి, చాలు అంటారు. ఈ హక్కును పగకు వాడినవాళ్లు నేను పుట్టాక లేరు.

నేను గట్టయ్య పేరు ఇచ్చాను. రాసుకునే గుమాస్తా రెండుసార్లు అడిగాడు.

ఒక చిక్కు ఉంది. నాకు తిట్టడం సరిగా రాదు. చిన్నప్పటి నుంచి ఏం తిట్టినా అవతలివాళ్లకు అందలేదు. అందని తిట్టుకు పదును ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే డ్యూటీ దిగి పుట్టగొడుగుల మళ్ల దగ్గరికి, పోశవ్వ దగ్గరికి వెళ్లాను. పూసలు రాకముందు పుట్టిన మనిషి. ఫ్యాన్ల హోరులో చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప పూస లేకుండా ఏదీ వినపడదు. నలుగురిలో పూస తీయడం బట్టలు విప్పినంత సిగ్గుచేటు కాబట్టి మళ్ల వెనకాల చీకట్లో కూర్చున్నాం. ముసలామె నా చెవిని నోటికి ఆనించుకుంది.

"నీ పాడెగట్ట అను" అంది.

అన్నాను.

"థూ. చాయ తాగుతవా అన్నట్టున్నది. తిట్టంటే నోట్లకెళ్లి వస్తదానే? కడుపులకెళ్లి రావాలె. మల్ల అను."

మళ్లీ అన్నాను. ఆమె తిట్లన్నీ ఒక్కొక్కటే అప్పజెప్పింది, నేను ఒక్కొక్కటే తిరిగి అన్నాను. సగం తిట్ల అర్థం ఆమెకే గుర్తులేదు. చివరికి అలిసిపోయి నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గివన్ని ఎందుకే? ఏమైందో గది చెప్పు. గంతకన్న పెద్ద తిట్టు లేదు."

ఆదివారం

ఇవాళ మోటార్ల లెక్క రాయను. ఇవాళ దినాలు.

పెద్ద హాలు నిండింది. గట్టయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందుకు వచ్చాడు. గుమాస్తా అతని పూస తీసి, నునుపు ఆపి, మళ్లీ చెవిలో పెట్టాడు. ఆ క్షణంలోనే గట్టయ్య ఉలిక్కిపడ్డాడు. ఎవరో వెనక దగ్గారంతే. ఆ దగ్గు కూడా అతనికి పచ్చిగా వినపడి ఉంటుంది.

నేను అన్నది ఇది.

"గట్టయ్యా! కట్ట తెగుతాందని మొత్తుకున్న. పేగులు తెగేటట్టు మొత్తుకున్న. నువ్వు చాయ తాగుకుంట కూసున్నవ్. నీ తలకాయ నొస్తదని మా ఒర్రుడంత నున్నగ చేసుకున్నవ్. నా చెల్లె కింద చీకట్ల, నీళ్లల్ల, ఊపిరాడక సచ్చింది రా. బురదల నుంచి దాన్ని తీసినప్పుడు గోర్లు లెవ్వు. గోడ గీకింది. నీకు ఇనవడ్డదా? గోడ గీకింది! నీ చెవుల సీసం వొయ్య, నీకు నిద్ర పట్టకుండ గాను, నువ్వు బతికినన్ని దినాలు మా ఒర్రుడే ఇనవడ!"

ఇంకా చాలా అన్నాను. పోశవ్వ నేర్పినవి ఒక్కటీ గుర్తు రాలేదు. హాల్లో మిగతా జనానికి మాత్రం నేను గట్టయ్య గారి పట్ల కొంత నిరాశ వ్యక్తం చేస్తున్నట్టు వినపడింది. అందుకే అందరూ నన్ను వదిలేసి వాడి ముఖం చూశారు. ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, తర్వాత ఏ రంగూ లేకుండా పోయింది.

"విన్న" అన్నాడు. "విన్న తల్లీ."

ఆ గొంతు అందరి పూసల్లోనూ పచ్చిగా పడింది. బొంగురుగా, చీలికలుగా. ఒక మనిషి అసలు గొంతు విని ఎన్నేళ్లయిందో. పిల్లలు తల్లుల వెనక దాక్కున్నారు.

ఇక నేను చాలు అనాలి. గుమాస్తా మీట మీద వేలు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. అమ్మ కూడా చూస్తోంది. వంటవాళ్లు గిన్నెల మూతలు తీసేశారు.

నేను అనలేదు. చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

సోమవారం, ఫస్ట్ షిఫ్ట్

మూడు మోటార్లూ నడుస్తున్నాయి.

నియమాల్లో ఎక్కడా గడువు లేదు. చాలు అన్నాకే నునుపు తిరిగి పెట్టాలని ఉంది, అంతే. ఇంత నున్నగా బతికిన పెద్దమనుషులకు, మర్యాదగా అనాల్సిన ఒక్క మాటను ఒక ఆడది అనకుండా ఎగ్గొడుతుందన్న ఆలోచనే వచ్చి ఉండదు. ఇప్పుడు మారుద్దామంటే చచ్చిపోయినవాళ్ల హక్కులో చెయ్యి పెట్టాలి. ఆ ధైర్యం ఎవరికీ లేదు. నన్ను పిలిచి నచ్చజెప్పచూశారు. వాళ్లు ఎంత కోప్పడినా నాకు తేనెలాగే వినపడింది. నునుపుతో ఉన్న లాభం మొదటిసారి తెలిసొచ్చింది.

క్యాంటీన్లో గట్టయ్య ఒక మూల కూర్చున్నాడు. నిన్నటిదాకా "సార్ గారు భోజనానికి దయచేశారు" అని విన్న చెవిలో ఇప్పుడు "వచ్చిండు సచ్చినోడు" అని పడుతోంది. జనానికి ఈ సంగతి అర్థమైపోయింది. వరసలో నిలబడి మరీ వాడి ముందు నుంచి వెళ్తున్నారు. వెళ్తూ ఏదో అంటున్నారు. నా చెవికి అన్నీ శుభోదయాలే. వాడి భుజాలు చూస్తే తెలుస్తోంది అవి ఏవో. ప్రతి శుభోదయానికీ ఇంకొంచెం కిందికి దిగుతున్నాయి.

నేను సంకటి రెండోసారి పెట్టించుకుని తిన్నాను. స్వరూప పోయాక కడుపు నిండా తిన్నది ఇవాళే.

శుక్రవారం, సెకండ్ షిఫ్ట్

గట్టయ్య పంపుల గదికి వచ్చాడు. గడ్డం పెరిగింది.

"చాలు అను, భూలక్ష్మీ" అన్నాడు. ఆ బొంగురు గొంతు నేరుగా నా చెవిలో పడింది. "నిద్ర లేదు. ఫ్యాను గూడ తిట్టినట్టే ఇనవడుతాంది. నేను నోరు తెరిస్తే ఇంట్ల పోరగాండ్లు జడుసుకుంటున్నరు. నీ కాళ్లు మొక్కుత."

"నేను గూడ మొక్కుత అన్న. నీకు ఇనవడ్డదా?"

"ఇనవడలే."

"మరి నాకు గూడ ఇనవడుత లేదు. పో."

వాడు పోయాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో దాచను. మోటార్లకు నూనె పోస్తూ కూనిరాగం తీశాను.

సాయంత్రం వాడి భార్య శాంతక్క వచ్చింది. ముందు తన పూస తీసింది, తర్వాత నా పూస తీసింది. పరాయి మనిషి నా పూస ముట్టుకోవడం అదే మొదలు. నా చెవిలో నోరు పెట్టింది.

"అక్కా, లగ్గమైన కాడి నుంచి నా మొగడు నాతోని ఇంత కటువుగ మాట్లాడుతడని నాకు ఎరుకనే లేదు. మొన్న కూరల ఉప్పు లేదని ఒక్క మాటన్నడు. నేను పోయి గోడకు ఒరిగి ఏడ్చిన. ఆయన గూడ ఏడ్చిండు. మాకు గిట్ల కొట్లాడుడు రాదక్కా. నేర్చుకోలేదు. నీ చెల్లె తిరిగొస్తదంటే నా చెవులే కోసిస్త. చాలు అను."

ఆమె ఊపిరి నా చెంపకు వెచ్చగా తగిలింది. ఈ మనిషి చేసిన తప్పేమీ లేదు. అయినా నేను లొంగలేదు. అనను అని ఆమె చెవిలో చెప్పాను. నా చెల్లెలు కూడా ఏ తప్పూ చేయలేదని చెప్పాను. ఆమె నా పూస నా చెవిలో మళ్లీ జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయింది.

మంగళవారం, ఫస్ట్ షిఫ్ట్

రాత వంకరగా వస్తే వస్తుంది, ఆగకుండా రాస్తున్నాను.

భోజనాలకు ముందు ముల్లు లేచింది. ఆ రోజు లేచినట్టే. కొత్త కట్ట, అదే దిగువ సొరంగం. కింద మొగిలి అనే కుర్రాడి బ్యాచి ఉంది. నిన్నగాక మొన్న చేరినవాళ్లు, అందులో ఒకడు స్వరూప ఖాళీలోకి వచ్చినవాడు.

"గట్టయ్యా, కట్ట..."

అంతే అన్నాను. మాట పూర్తి కాకముందే సైరన్ మోగింది. నేను మిగతాది అరుస్తూనే ఉన్నాను, నా గొంతు నా చేతిలో లేదు. తోలు, గుంజు, ఉరుకు అని. అవతల నుంచి పచ్చిగా, బొంగురుగా, "ఉరుకుతున్న, ఉరుకుతున్న, నువ్వు మోటార్లు చూడు!" అని వినిపించింది. వాడు తాళం తిప్పి ఊరుకోలేదు, తానే కిందికి దిగాడు.

అందరూ వచ్చారు. నడుము దాకా బురదతో, దగ్గుకుంటూ వచ్చారు. మొగిలి నా గది తలుపు పట్టుకుని వెక్కి వెక్కి ఏదో చెప్పాడు. "మీ సకాల స్పందనకు కృతజ్ఞతలు" అని పడింది. వాడి ముక్కు కారుతోంది. తుడుచుకోమని పాత గుడ్డ ఇచ్చాను.

వాళ్లు బతికినందుకు సంతోషించాలి. సంతోషమే. కానీ పంపుల గది తలుపు వేసుకున్నాక నేను ఏడ్చింది అందుకు కాదు. అదే సొరంగం, అదే నీళ్లు, అదే నేను, అదే గట్టయ్య. నడుమ ఉన్న తేడా ఒక్క మీట. నా చెల్లెలు అంత చిన్నదానికి చచ్చిపోయింది.

బుధవారం, ఫస్ట్ షిఫ్ట్

గట్టయ్య వచ్చాడు. ఎడమ చేతికి కట్టు ఉంది. అడుగుతాడని తెలుసు. ఇప్పుడిక అడిగే హక్కు కూడా వచ్చిందనుకుంటాడని తెలుసు. ప్రాణాలు కాపాడిన మనిషికి కాదంటే ఊరంతా నన్నే రాక్షసి అంటుంది. అననీ. అనను అని చెప్పడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"చాలు అనకు" అన్నాడు.

"ఏందీ?"

"ఎప్పటికీ అనకు, భూలక్ష్మీ. నిన్న నువ్వు ఒర్రంగనే నా కాళ్లు వాటంతట అవే ఉరికినయ్. నునుపు ఉంటే చాయ తాగుకుంట కూసుందును. గిట్లనే ఉండనియ్యి నన్ను. తిట్లు పడత. శాంత గూడ అలవాటు పడుతాంది. నిన్న రాత్రి నన్ను తిట్టింది, మంచిగనే తిట్టింది. గీ పని నునుపుతోని చేసేది గాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడికి శిక్ష వేశానని నేననుకుంటే వాడు దాన్ని కావలించుకున్నాడు. కాళ్ల బేరానికి వస్తే తన్నవచ్చు, ఏడిస్తే చూడవచ్చు. ఇంకా కావాలంటే ఏం చేయను? నా పగను నా చేతుల్లోంచి లాక్కుని పనిముట్టు చేసుకున్నాడు.

వాడిని దెబ్బ కొట్టాలంటే ఇప్పుడు ఒకటే దారి. చాలు అనడమే. ఒక్క మాట చాలు, వాడు మళ్లీ ఆ మెత్తటి నిద్రలో పడతాడు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా. నేను నోరు తెరవడం చూసి వాడు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆ భయం చూసి నాకు ఎంతో తృప్తి కలిగింది. కిటికీలోంచి మొగిలి బ్యాచి బుట్టలు మోసుకుని దిగువ సొరంగానికి దిగుతూ కనిపించింది. నోరు మూసుకున్నాను.

"నీ మీద కోపం పోలేదు" అన్నాను.

"పోవద్దు."

"ఎన్నడు పోదు."

"సరే."

"అయితే ఒక మాట. షిఫ్టు మొదలుపెట్టే ముందు దినాం నన్ను పిలువు. నా చెల్లె పేరు చెప్పు. పేరు చెప్పినంకనే నీళ్ల మట్టం చెప్త. పేరు చెప్పని నాడు చెప్ప."

చచ్చేదాకా వాడి నోట్లో ఆ పేరు ముల్లులా గుచ్చుకోవాలని అన్నాను. వాడు సరేనని తలూపాడు.

గురువారం, ఫస్ట్ షిఫ్ట్

ఒకటో మోటారు బాగుంది. రెండోది బాగుంది. మూడోది మూలుగుతోంది.

పొద్దున అమ్మ చెల్లెలి ఫొటో ముందు కూర్చుని ఏడుస్తూ దాన్ని పేరు పెట్టి పిలిచింది. పెదవులు చూసి తెలుసుకున్నాను. నా చెవిలో పడింది "మీ ఆత్మీయురాలు" అని. చచ్చినవాళ్ల పేరు వింటే బాధ కలుగుతుందని నునుపు దాన్ని కూడా తీసేస్తుంది. అమ్మ పిలిచినా, తోటివాళ్లు తలుచుకున్నా, ఊరు ఊరంతా అన్నా నాకు చేరేది ఆత్మీయురాలే. దాని పేరు పోయి ఎన్నాళ్లయిందో నేను ఇప్పటిదాకా గమనించనేలేదు.

షిఫ్టు మొదలయ్యే వేళకు పూస మోగింది.

"స్వరూప" అన్నాడు గట్టయ్య.

పచ్చిగా పడింది. బొంగురుగా, చివర కొంచెం విరిగి. మనిషి నోట దాని పేరు. నేను గోడ పట్టుకున్నాను. ఈ సొరంగాల్లో నా చెల్లెల్ని పేరు పెట్టి నాకు వినిపించగలిగినవాడు వీడొక్కడే. వీడు చావకూడదు. వీడికి చాలు అనకూడదు.

"మట్టం చెప్పు, భూలక్ష్మీ. పోరగాండ్లు దిగుతున్నరు."

"ఆగు" అన్నాను. "ఇంకోసారి అను."

అన్నాడు.

నీళ్లు మోకాలి లోతే ఉన్నాయని చెప్పాను.